నడిమి కుర్చీ

"ఎన్ని కుర్చీలు దించుతవయ్యా? మా ఇంట్ల ఏమన్న లగ్గమా?"

సుగుణ గడప దాటకుండానే అడిగింది. ట్రాలీ ఆటో కొమురెల్లి నవ్వుతూ ఇంకో రెండు ఎర్ర కుర్చీలు దించి గోడకు ఆనించాడు.

"లగ్గం కాదమ్మా, ప్రార్థన కూడిక. సార్ చెప్పలేదా? ఏ ఇంట్ల కూడిక ఉంటే ఆ ఇంటికి కుర్చీలు ముందుగాల వస్తయి. మనుషులు పొద్దుగూకినంక వస్తరు."

సార్ అప్పుడే బడి నుంచి వచ్చాడు. భుజానికి సంచి అలాగే ఉంది. వెంకట్రాజం భార్య ముఖం వైపు చూడకుండా కుర్చీల వైపు చూశాడు. అన్నీ ఎర్రవే. చివర దింపినది మాత్రం నీలం రంగుది, చేతులున్నది. కొమురెల్లి దాన్ని భుజం మీది తువ్వాలతో తుడిచి మరీ లోపలికి తెచ్చాడు.

"ఇది నడిమిట్ల వెయ్యాలె అమ్మా. పానం బాగలేనోళ్లు కూసునే కుర్చీ. చుట్టూ మేం కూసుంటం."

"మా ఇంట్ల పానం బాగలేనోళ్లు ఎవలు?"

కొమురెల్లి చేతిలో తువ్వాల ఆగిపోయింది. అతను సార్ వైపు చూశాడు.

"చాయ్ తాగిపో, కొమురెల్లీ," అన్నాడు వెంకట్రాజం. గొంతు కొంచెం గట్టిగా వచ్చింది.

"ఇంకో కిరాయి ఉన్నది సార్. పొద్దుగూకినంక ఎట్లాగు వస్త కదా."

ఆటో సందు మలుపు తిరిగింది. ఇంట్లో మూడో మనిషి వెంకట్రాజం తల్లి యాకమ్మ. చప్పుడు విని లోపలి గదిలోంచి గోడ పట్టుకుని వచ్చి, నీలం కుర్చీని పైనుంచి కింది దాకా చూసింది.

"నా కోసమే తెచ్చిన్రా ఏంది?"

ఎవరూ ఔననలేదు, కాదనలేదు. ఆమె నెమ్మదిగా అందులో కూర్చుంది. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టుకుంది.

"నాకేం రోగమే? మోకాళ్లొక్కటే చెప్పినట్టు ఇనయి. అయినా గింత దూరం తెచ్చినంక వద్దంటే మంచిగుండదు. జర ఒరుగుడుకు కూడ మంచిగున్నది కొడుకా. పోయేటప్పుడు ఇడిసిపెట్టి పోతరా, తీస్కపోతరా?"

"తీస్కపోతరవ్వా."

"అట్లయితే వాళ్లు వచ్చే దాకనన్న కూసుంట."

సుగుణ వంటింట్లోకి వెళ్లింది. వెంకట్రాజం వెనకే వెళ్లాడు. ఆమె స్టవ్ వెలిగించలేదు. ఖాళీ గిన్నె ఒకటి తీసి, పెట్టి, మళ్లీ తీసింది.

"ఎవలనడిగి రమ్మన్నరు?"

"నేను రమ్మనలే. వాళ్లే వస్తమన్నరు."

"వద్దనే నోరు లేకపాయెనా? బడిల అంత మంది పిల్లలను ఒక్క మాటతోటి కూసోపెడ్తరట కదా."

ఆయన భుజం మీది సంచి తీసి గోడ మేకుకు తగిలించాడు.

"పైన ఓనరమ్మకు ఏమని చెప్పాలె? మొన్ననే అడిగింది, సార్ బుధవారం బుధవారం ఎక్కడికి పోతాండని. ట్యూషన్ అని చెప్పిన. ఇయ్యాల ఇంట్లనే పాటలు పాడితే ఏం ట్యూషన్ అని చెప్పాలె?"

"ఉన్నదే చెప్పు."

"ఉన్నదేందో నాకు తెలిస్తె కదా చెప్పుటానికి." ఆమె గొంతు పెరగలేదు. అదే ఆయనకు కష్టంగా ఉంది. "మతం మారుతాన్రా?"

"లేదు."

"మరేం దొరుకుతాంది మీకు ఆడ?"

"పాటలు మంచిగుంటయి."

ముందు గదిలోంచి యాకమ్మ అందుకుంది. "పాటలు ఫోన్ల రావా కొడుకా?"

సుగుణ పెదవి ఒక్క క్షణం వంగింది. నవ్వు కాదు గాని, నవ్వు ఉండే చోటు అది. మరుక్షణమే ముఖం మళ్లీ మూసుకుపోయింది.

"వచ్చే నెల సంవత్సరీకం ఉన్నది," అంది. "మా తమ్ముడు వస్తడు, కేసముద్రం నుంచి మీ వాళ్లందరు వస్తరు. అప్పటికి మీరు ఏ దేవుని ముందల కూసుంటరో ఒక మాట చెప్పుండ్రి. కర్మ చేయించే అయ్యగారికి ముందుగాల చెప్పాలె కదా."

సంవత్సరీకం ఎవరిదో ఆమె అనలేదు. ఆ ఇంట్లో ఎవరూ అనరు.

పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి వాళ్ల కూతురు దీప్తి పోయింది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్ల. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు, దవాఖానలో రెండు రాత్రులు గడిచాయి, మూడో రాత్రి లేదు. దినాలు అయిన తర్వాత సుగుణ ఒకే మాట అంది, ఈ ఇంట్లో నేను ఉండలేనని. కేసముద్రం ఇంటికి తాళం వేసి వరంగల్ కరీమాబాద్‌లో ఈ రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నారు. వెంకట్రాజం ఇక్కడి బడికి మార్పించుకున్నాడు. దీప్తి బట్టలు, పుస్తకాలు, ఫోటోలు ఒక ఇనుప పెట్టెలో పెట్టి తెచ్చారు. పెట్టె మంచం కిందే ఉంది. తెరవలేదు. ఈ వీధిలో ఎవరికీ ఆ పేరు తెలియదు. తెలిసిన ముగ్గురూ పలకరు.

అందుకే కొన్ని వారాల కిందటి ఆ వాన రోజు ఆయనకు అలా జరిగింది.

రంగశాయిపేట వైపు నడుస్తుంటే వాన పట్టుకుంది. ఒక ఇంటి అరుగు మీద నిలబడ్డాడు. లోపల ఎవరో పాడుతున్నారు. పాట అయిపోయాక ఆ ఇంటాయన బయటికి వచ్చి, తడుస్తున్న మనిషిని చూసి, చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. ఆయన దేవదానం, డోర్నకల్‌లో రైల్వే పని చేసి రిటైరైనవాడు. భార్య రూతమ్మ ఒక తువ్వాల ఇచ్చింది, చాయ్ ఇచ్చింది. చుట్టూ కుర్చీల్లో పది మంది దాకా ఉన్నారు. అక్కడ ఒక పద్ధతి ఉంది. పాటల తర్వాత ఒక్కొక్కరు తమకు కావలసినవాళ్ల పేరు చెప్పి, వాళ్లకు ఏం కావాలో చెబుతారు. అందరూ కలిసి ఆ పేరు మీద ప్రార్థన చేస్తారు. ఒకరి అత్తకు కళ్ల ఆపరేషన్, ఒకరి తమ్మునికి ఉద్యోగం. వంతు తిరిగి తిరిగి వెంకట్రాజం దగ్గరికి వచ్చింది.

"నా బిడ్డ దీప్తి," అన్నాడు ఆయన. "జ్వరం..."

తర్వాత మాట రాలేదు. మాట రాదని వాళ్లకు అర్థమైంది, కాని ఏ మాట రాలేదో అర్థం కాలేదు. దేవదానం భుజం మీద చేయి వేశాడు. "ప్రభువా, నీ బిడ్డ దీప్తిని ముట్టుమయ్యా" అని పది గొంతులు ఒకేసారి అన్నాయి. కేసముద్రం వదిలిన తర్వాత ఆ పేరు ఇంకొకరి నోటి నుంచి వినడం ఆయనకు అదే మొదటిసారి. కళ్లు మూసుకుని విన్నాడు.

మరో బుధవారం వెళ్లినప్పుడు రూతమ్మ గుమ్మంలోనే అడిగింది. "బిడ్డకు ఎట్లున్నది సార్?"

"అట్లనే ఉన్నది," అన్నాడు.

అబద్ధం అక్కడ మొదలైంది. ఒకసారి దారిలో దేవదానాన్ని వేరే ఎవరి సంగతో అడుగుతున్నట్టు అడిగి చూశాడు, పోయినవాళ్ల కోసం ప్రార్థన చేయరా అని. "పోయినోళ్లు ఆయన చేతిల ఉన్నరు సార్. వాళ్ల కోసం మనం అడిగేదేం లేదు. ఉన్నోళ్ల కోసమే అడుగుతం," అన్నాడు దేవదానం. నిజం చెప్పిన రోజు ఆ పేరు అక్కడ కూడా ఆగిపోతుందని వెంకట్రాజానికి తెలిసిపోయింది. ఇన్ని వారాలైనా జ్వరం తగ్గలేదంటే తామే ఇంటికి వచ్చి పిల్ల తల మీద చేయి పెట్టి ప్రార్థన చేస్తామని పోయిన బుధవారం వాళ్లే నిర్ణయించారు. అదీ వాళ్ల పద్ధతే. ఆయన వద్దనలేకపోయాడు.

"పాలు ఎన్ని తేవాలె?" సుగుణ అడుగుతోంది.

"ఏం?"

"వచ్చేటోళ్లు ఎందరు? రమ్మన్నది మీరే అయినా, చాయ్ పొయ్యకుంటె పేరు నాదే పోతది."

ఆయన వంటింటి గడప అవతల కింద కూర్చున్నాడు. ఆమె ముందు ఆయన అలా ఎప్పుడూ నేల మీద కూర్చోలేదు. సుగుణ గిన్నె కింద పెట్టింది.

"ఏమైంది?"

"ఆ కుర్చీ అవ్వ కోసం కాదు."

"మరి?"

"వాళ్లకు దీప్తి లేదని తెల్వది."

ఆ పేరు వంటింట్లో పడింది. ఎక్కడా పగల్లేదు. కొళాయి చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంది. సుగుణ చేయి చాపి దాన్ని గట్టిగా తిప్పి కట్టేసింది.

"ఏం చెప్పిన్రు మీరు వాళ్లకు?"

"జ్వరం అన్న. అంతకు మించి నోరు రాలే. వాళ్లు ఉన్నదనుకున్నరు. నేను కాదనలే."

"ఇయ్యాల దాన్ని చూడనీకి వస్తాన్రా?"

ఆయన తల ఊపాడు.

సుగుణ అరుస్తుందనుకున్నాడు. గిన్నె విసురుతుందనుకున్నాడు. రెండిట్లో ఏది జరిగినా తేలికగా ఉండేది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది, చాలాసేపు, తడి పోయిన తర్వాత కూడా.

"మీ సంచిల పల్లి పట్టీలు," అంది చివరికి. "వారం వారం ఉంటాంటె, ఇదేంది ఈయనకు ఈ వయసుల తీపి మీదికి మనసు పోయింది అనుకున్న. అవి..."

"అక్కడ తేజస్వి అని ఒక పిల్ల ఉన్నది. నర్సింగ్ చదువుతాంది. దీప్తి అక్కకు ఏమిష్టం సార్ అని అడిగింది. చెప్పిన. అప్పటి నుంచి అక్కకు ఇయ్యుండ్రని పంపుతాంది."

"నేను రెండు తిన్న," అంది సుగుణ.

ఆ మాటతో ఆమె కూడా కింద కూర్చుంది, గోడకు ఆనుకుని. ఇద్దరి మధ్యా గడప ఉంది.

"దానికి పంపినయి నేను తిన్న. మంచిగున్నయని కూడ అనుకున్న."

"సుగుణా..."

"మీరు మాట్లాడకుండ్రి. ఇక్కడ నేను దాని పేరు తియ్యకుండ, పెట్టె మూత తియ్యకుండ, పండ్లు బిగబట్టుకొని ఉంటాన. ఎందుకు? మీరు తట్టుకోరని. మీరేమో అక్కడికి పోయి పది మందిల కూసొని దాని పేరు ఇనొస్తాన్రు. ఒక్కరే."

ఇది ఆయన ఊహించలేదు. నువ్వే వద్దన్నావు కదా అందామనుకున్నాడు. ఎప్పుడు వద్దంది? వెతికితే అలాంటి మాట ఒక్కటీ దొరకలేదు. ఇల్లు మారుదామంది, అంతే. మిగిలిన మౌనమంతా ఇద్దరూ ఒకరి కోసం ఒకరు వేసుకున్నది.

"నువ్వు తట్టుకోవని నేను..." అన్నాడు. 

ముందు గదిలో యాకమ్మ కుర్చీలోనే కునుకు తీస్తోంది. సన్నగా గురక వినిపిస్తోంది.

"ఏమని అడుగుతరు వాళ్లు?" సుగుణ నేల చూస్తూ అడిగింది.

"జ్వరం తగ్గాలని."

"అంతేనా?"

"నిండు ఆయుష్షు ఇయ్యాలని. మంచిగ లేచి కాలేజీకి పోవాలని. ఆ పిల్ల తేజస్వి అయితె, అక్కకు ఆకలి పుట్టాలె అని అడుగుతది. జ్వరంల ఏం సయించదు కదా అని."

"ఆఖరు రోజు గంజి రెండు చెంచాలు తాగింది," అంది సుగుణ. "మీరు బయట మందులకు పోయిన్రు. మీకు చెప్పలే."

"రెండు చెంచాలా?"

"రెండే. మూడోది వద్దన్నది. మళ్లీ తాగుత అమ్మా అన్నది."

వెంకట్రాజం తల వంచుకున్నాడు. బయట ఎవరిదో స్కూటర్ ఆగి, మళ్లీ కదిలి పోయింది.

"ఫోన్ చేసి చెప్త," అన్నాడు. "రావద్దని చెప్త. దేవదానానికి ఉన్నదున్నట్టు చెప్పేస్త."

ఫోన్ తీశాడు. సుగుణ ఆయన చేతి మీద చేయి వేసింది. ఆపడానికో, పట్టుకోవడానికో తెలియలేదు.

"చెప్పాల్సిందే," అంది. "కాని ఫోన్ల కాదు. మన బిడ్డ సంగతి ఫోన్ల చెప్పేది కాదు."

ఆమె లేచింది. స్టవ్ వెలిగించింది. "పోయి పాలు తేండ్రి. రెండు పాకెట్లు చాలయి, మూడు తేండ్రి."

*

పొద్దుగూకే వేళకు వాళ్లు వచ్చారు. చెప్పులు గుమ్మం బయట వరుసగా విడిచారు. దేవదానం ముందు, వెనక రూతమ్మ, ఇంకా నలుగురైదుగురు, కిరాయి ముగించుకుని వచ్చిన కొమురెల్లి. అందరికన్నా వెనక ఒక సన్నటి అమ్మాయి, చేతిలో చిన్న పొట్లం.

"వందనాలమ్మా," అంది రూతమ్మ సుగుణ రెండు చేతులూ పట్టుకుని. "సార్ మిమ్మల్ని ఒక్కనాడన్న తోల్కరాలే. మాకు మీ మీదనే కోపం రావాల్నా, సార్ మీద రావాల్నా?"

"సార్ మీదనే," అంది సుగుణ.

అందరూ నవ్వారు. వెంకట్రాజం ఎర్ర కుర్చీలు గుండ్రంగా వేస్తున్నాడు.  యాకమ్మను మంచం మీదికి మార్చారు. ఆమెకు కుర్చీ పోయిన బాధ ఇంకా తీరలేదు.

"వాళ్లు పోయే దాక మీరేం మాట్లాడకుండ్రి అత్తమ్మా," అని సుగుణ ముందే చెప్పింది.

"నేనెప్పుడు మాట్లాడిన్నే?" అంది యాకమ్మ. ఎందుకని మాత్రం అడగలేదు.

తేజస్వి నీలం కుర్చీలో తను తెచ్చిన చిన్న దిండు ఒకటి సర్ది పెట్టింది. తర్వాత లోపలి గది తలుపు వైపు చూసి, మెల్లగా అడిగింది.

"ఆంటీ, దీప్తి అక్క నిద్రపోతాందా? లేపుకరావాల్నా?"

మంచం మీద యాకమ్మ తల తిప్పింది. ఆమె చూపు మనవరాలి పేరు పలికిన పిల్ల మీదికి, అక్కడి నుంచి కొడుకు మీదికి వెళ్లింది. నోరు తెరిచింది. కోడలు చెప్పిన మాట గుర్తొచ్చిందేమో, కొంగు తల మీదికి లాక్కుని కళ్లు దించుకుంది.

వెంకట్రాజం ఒక అడుగు ముందుకు వేశాడు. ఇప్పుడే చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఆ పిల్ల వెళ్లి తలుపు తోస్తుంది. "అమ్మా, తేజస్వీ..."

"లేపుడు వద్దు బిడ్డా," అంది సుగుణ. "దాని జాగల నేను కూసుంట."

ఆమె వచ్చి నీలం కుర్చీలో కూర్చుంది. దిండు వీపుకు ఆనింది. దాని మీద ఎవరో చేత్తో కుట్టిన పువ్వు ఉంది. వేళ్లతో ఒకసారి తడిమింది.

"దేవదానం అన్నా," అంది. ఆయనను ఆమె చూడటం అదే మొదలు. "మీరు వారం వారం ఎట్ల అడుగుతరో, ఇయ్యాల కూడ అట్లనే అడుగుండ్రి. ఒక్కసారి నేను ఇనాలె. ఇన్నంక మా సార్ మీకు ఒక మాట చెప్తడు. అది ఇన్నంక మీకు కోపమొస్తె రానీండ్రి. లేచిపోయినా మేం ఏమనం."

దేవదానం వెంకట్రాజం ముఖం చూశాడు. రైలు పట్టాల మీద బతికిన మనిషి, దూరంగా ఏదో వస్తోందని అతనికి తెలిసినట్టే ఉంది. అడగలేదు. కళ్లు మూసుకున్నాడు.

తేజస్వి సుగుణ వెనక నిలబడి తల మీద చేయి పెట్టింది. రూతమ్మ భుజం మీద పెట్టింది. ఇంకొకరు ఇంకో భుజం మీద. ఎవరైనా ముట్టుకుంటే ఎక్కడ ఏడుపు వస్తుందోనని జంకుతూ బతికింది సుగుణ ఇన్నాళ్లూ. ఇప్పుడు అన్ని చేతులూ ఆమె మీదే ఉన్నాయి. ఆమె కదల్లేదు.

"ప్రభువా, దీప్తిని నీ చేతులల్ల పెడుతున్నం."

"దీప్తిని ముట్టుమయ్యా."

"దీప్తి అక్కకు ఆకలి పుట్టియ్యి తండ్రీ. ఒక్క ముద్దన్న తినేటట్టు చెయ్యి."

గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఎవరు ఏది అంటున్నారో తెలియడం లేదు. ఆ గొంతుల మధ్య, నీలం కుర్చీలోంచి, ఇంకో గొంతు వెంకట్రాజానికి వినిపించింది. సన్నగా, చాలా రోజులుగా వాడని గొంతులా ఉంది. ఏమీ అడగడం లేదు. పేరొక్కటే అంటోంది.

"దీప్తీ. నా దీప్తీ."

మంచం మీద యాకమ్మ భుజాలు కదులుతున్నాయి. కొంగు ముఖం నిండా కప్పుకుని ఉంది. చప్పుడు లేదు.

ప్రార్థన మెల్లగా తగ్గింది. ఒక్కొక్క గొంతే ఆగింది. ఆఖరున దేవదానం ఒక్కడే మిగిలాడు. అతనూ ఆగాడు.

"ఆమేన్."

అందరూ కళ్లు తెరిచారు. సుగుణ ముఖం తడిసి ఉంది. తేజస్వి కొంచెం సంతోషంగా, కొంచెం భయంగా ఆమెకేసి చూస్తోంది. చేయి ఇంకా తల మీదే ఉంది. ఇంకో చేతిలో పొట్లం ఉంది, తెరవని పొట్లం.

"చెప్పండి సార్," అన్నాడు దేవదానం.

వెంకట్రాజం ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్లు తరగతి ముందు నిలబడిన మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గదిలో ఉన్న ప్రతి ముఖమూ ఆయన బిడ్డ లేస్తుందని నమ్మిన ముఖమే. ఇక నుంచి ఏ బుధవారమూ వాళ్లు ఆ పేరు ఇలా అడగరు. అసలు ఈ కుర్చీల్లో కూర్చుంటారో, కొమురెల్లి ఇప్పుడే ట్రాలీకి ఎత్తుకుని పోతాడో తెలియదు.

ఆయన సుగుణ వైపు చూశాడు.

ఆమె నీలం కుర్చీలోంచి లేవలేదు. తేజస్వి చేతిని తల మీది నుంచి మెల్లగా దించి, తన రెండు చేతుల్లోకి తీసుకుని, వదలకుండా పట్టుకుంది.

"చెప్పుండ్రి," అంది. "నేను ఈడనే ఉన్న."